ఆకాశవాణి 100 వాట్ల రిలే పక్కనే వస్తే 90.4 మీద నడిచే కమ్యూనిటీ రేడియో ఏమవుతుంది?

జొన్నకంకి
అందరికి నమస్తే. ఒక పల్లెల 90.4 మెగాహెర్ట్జ్ మీద కమ్యూనిటీ రేడియో (ఊరోళ్లే నడుపుకునే చిన్న స్టేషన్) నడుస్తున్నది. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, 30 మీటర్ల టవర్. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంల, మండల కేంద్రంల మూతబడ్డ పాత దూరదర్శన్ రిలే కేంద్రంల ఆకాశవాణి 100 వాట్ల ఎఫ్ఎం పెడుతున్నరు. ఊర్లె రెండు మాటలు తిరుగుతున్నయి. "పెద్ద రేడియో వస్తే మన సిగ్నల్‌ను తొక్కేస్తది" అనేది ఒకటి. "సర్కారు రేడియోనే వచ్చినంక ఇంక ఇది ఎందుకు, ప్రకటనలు గూడ అటే పోతయి" అనేది ఇంకోటి. గ్రామసభల జవాబు చెప్పాలె. లెక్కతోని చెప్పగలిగినోళ్లు చెప్పుండ్రి.

సిగ్నల్‌మీటర్
మొదటి మాట సంగతి చూద్దాం. తొక్కేయడం అనేది ముందుగా ఫ్రీక్వెన్సీ దూరాన్ని బట్టి ఉంటుంది, ఒక్క వాట్లను బట్టే కాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం స్టీరియోలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు ఉంటే, మనది అవతలి దానికన్నా 45 డీబీ (డెసిబెల్: 3 అంటే పవర్ రెట్టింపు, 10 అంటే పదింతలు) బలంగా ఉండాలి. 200 కిలోహెర్ట్జ్ ఎడం ఉంటే 7 డీబీ చాలు. 400 కిలోహెర్ట్జ్ ఎడం ఉంటే అవతలి స్టేషన్ మనకన్నా 20 డీబీ ఎక్కువ ఉన్నా రేడియో తట్టుకోవాలి. కమ్యూనిటీ స్టేషన్లకు 90.4, 90.8, 91.2, 107.8 లాంటివి విడిగా పెట్టారు. ఆకాశవాణి రిలేలు ఎక్కువగా 100 పైన వస్తాయి. పది మెగాహెర్ట్జ్ ఎడం ఉన్నప్పుడు నేరుగా తొక్కేసే ప్రశ్నే లేదు.

అసలు ఇబ్బంది రిలే టవర్ కింద ఉన్న ఇళ్లలో వస్తుంది. లెక్క ఇదీ: 100 వాట్ల ఈఆర్‌పీ (కేబుల్ నష్టం పోగా, యాంటెన్నా బలం కలిపి బయటికి వెళ్లే పవర్), 30 మీటర్ల యాంటెన్నా, చదును నేల అనుకుంటే టవర్‌కు 300 మీటర్ల దూరంలో, చేతిలో పట్టుకున్న రేడియో ఎత్తులో దాదాపు 102 డీబీ మైక్రోవోల్ట్ ఫీల్డ్ (గాలిలో సిగ్నల్ బలం) ఉంటుంది. అదే చోట నాలుగు కిలోమీటర్ల అవతల నుంచి వచ్చే మీ 90.4 సుమారు 57. తేడా 45 డీబీ. మంచి కార్ రేడియో దీన్ని మోస్తుంది. చవక రకం పాకెట్ రేడియో, కొన్ని ఫోన్లలోని చిప్ మోయలేవు. ముందు వరసలోని యాంప్లిఫయర్ నిండిపోయి బలహీనమైన స్టేషన్లన్నీ మాయమవుతాయి. ఇది టవర్ చుట్టూ అర కిలోమీటరు లోపల జరిగే పని. మండలం మొత్తం మీద కాదు.

జొన్నకంకి
అన్నా, ఆ టవర్ పక్కనే బస్టాండు, సంత ఉన్నయి. శుక్రవారం నాడు వినేటోళ్లంత అక్కడనే ఉంటరు.

సిగ్నల్‌మీటర్
అయితే ఇప్పుడే, రిలే ఆన్ కాకముందే కొలిచి పెట్టుకోండి. తర్వాత ఎంత మొత్తుకున్నా "ముందు ఎలా ఉండేది?" అని అడిగితే చేతిలో కాగితం లేకపోతే ఫిర్యాదు నిలవదు.

ఒక ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌ను రేడియో రిసీవర్‌గా మార్చే చిన్న యూఎస్‌బీ పరికరం), ల్యాప్‌టాప్, 83 సెంటీమీటర్ల నిలువు రాడ్ (90.4కు పావు తరంగం అంతే). రాడ్‌ను జీపు పైకప్పు మధ్యలో మాగ్నెట్ బేస్ మీద నిలబెట్టాలి, ప్రతిసారీ అదే చోట. సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తీసేసి ఒకే అంకె మీద పెట్టాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. ఆటోమేటిక్ ఉంచితే దగ్గరా దూరమూ ఒకే రీడింగ్ చూపిస్తుంది. 2, 5, 8, 12 కిలోమీటర్ల దగ్గర నాలుగు దిక్కులా మూడేసి చోట్లు, వాటికి తోడు బస్టాండు దగ్గర నాలుగు. ఒక్కో చోట 30 సెకన్ల ఆడియో రికార్డు, సిగ్నల్ అంకె, సమయం, జీపీఎస్. పొద్దున పొగమంచు వేళ వద్దు. గాలి పొరల వల్ల ఎక్కడో వంద కిలోమీటర్ల స్టేషన్ వచ్చి కూర్చుంటుంది, తీరప్రాంతంలో మరీ ఎక్కువ. మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య కొలవండి. రిలే వచ్చాక అవే చోట్ల, అదే వేళకు మళ్లీ.

తేడా కనిపిస్తే ఆ రెండు పట్టికలతో డబ్ల్యూపీసీ (ఫ్రీక్వెన్సీలు కేటాయించే కేంద్ర విభాగం) కింద పనిచేసే వైర్‌లెస్ మానిటరింగ్ విభాగానికి రాయాలి. మీ ఆపరేటింగ్ లైసెన్సు నంబరు, ఫ్రీక్వెన్సీ, ఫిర్యాదు చోటు జతపరచాలి.

టవర్‌కింద
ఒకటి కలుపుతా. రెండు టవర్లు నాలుగు కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కొన్నిచోట్ల "ఖర్చు కలిసొస్తుంది, ఒకే ప్రాంగణంలో పెట్టుకుందాం" అనే ఆలోచన వస్తుంది. అప్పుడు ఒక ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ రెండోదాని యాంటెన్నా గుండా దాని పవర్ యాంప్లిఫయర్‌లోకి దూరి కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తుంది. ఉదాహరణకు 90.4, 100.6 పక్కపక్కన ఉంటే 100.6ను రెట్టింపు చేసి 90.4 తీసేయండి: 110.8. అది విమానాల నావిగేషన్ బ్యాండ్ (108 నుంచి 118). అక్కడ చప్పుడు వినిపిస్తే రెండు స్టేషన్లూ ఆపేయమంటారు, బలహీనుడే ముందు ఆగుతాడు.

ఇంకో రకం కూడా ఉంది. 96.8, 103.2 అనే రెండు ఒకేచోట ఉంటే వాటి సంకరం (96.8 రెట్టింపులోంచి 103.2 తీసేస్తే) సరిగ్గా 90.4 మీదే పడుతుంది. కాబట్టి కొత్త రిలే ఫ్రీక్వెన్సీ తెలియగానే, చుట్టుపక్కల ఉన్న అన్ని ఎఫ్ఎంలతో జతలు కట్టి ఈ తీసివేత చేసి చూడండి. కాగితం మీద పది నిమిషాల పని.

మందు: అవుట్‌పుట్‌లో 90.4కు ట్యూన్ చేసిన క్యావిటీ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే దాటనిచ్చే లోహపు డబ్బా). అర డీబీ నష్టం ఉంటుంది, అంటే పదకొండు శాతం పవర్ వేడిగా పోతుంది. ఎండాకాలం ట్యూనింగ్ కొంచెం జరుగుతుంది, ఏప్రిల్‌లో ఒకసారి రిఫ్లెక్టెడ్ పవర్ (వెనక్కి తిరిగొచ్చే పవర్) చూసుకోవాలి.

పాతరేడియో
సాంకేతికం బాగా చెప్పారు. ఊరివాళ్ల రెండో ప్రశ్నకు జవాబు "రిలే" అన్న మాటలోనే ఉందండి. రిలేకు స్టూడియో ఉండదు, అనౌన్సర్ ఉండడు. ఎక్కడో తయారైన కార్యక్రమం ఉపగ్రహం మీదుగా వస్తుంది, ఇక్కడ గాలిలోకి వదులుతారు. అంతే.

2023 ఏప్రిల్ 28న ఒకేరోజు 91 చోట్ల 100 వాట్ల ఎఫ్ఎంలు మొదలుపెట్టారు, 18 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లోని 84 జిల్లాల్లో. అదే ఏడాది జనవరిలో బైండ్ అనే, ఆకాశవాణి, దూరదర్శన్ వసతులు పెంచే కేంద్ర పథకానికి 2,539.61 కోట్లు మంజూరు చేశారు. ఎఫ్ఎం అందే జనాభాను 68 శాతం నుంచి 80కి, విస్తీర్ణాన్ని 59 నుంచి 66కి తీసుకెళ్లాలన్నది లక్ష్యం. ఈ లక్ష్యాలన్నీ సిగ్నల్ ఎంత దూరం పోతుందన్న లెక్కలే. ఏ మాట పోతుందన్న లెక్క వీటిలో లేదు.

కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం, కర్నూలు, మార్కాపురం, తిరుపతి ఆకాశవాణి కేంద్రాలు వేరు. అవి స్థానిక కేంద్రాలు. అక్కడ ఆ ప్రాంతపు రైతు, కళాకారుడు, డాక్టరు గొంతు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు సరిగా లేక క్యాజువల్ అనౌన్సర్ల భుజాల మీద నడుస్తున్నాయి. రిలేలు పెరిగి ఇవి చిక్కిపోతే కమ్యూనిటీ రేడియోకు లాభమని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. మాండలికంలో మాట్లాడటం, పొలం గట్టు మీద రికార్డు చేయడం నేర్పింది ఆ కేంద్రాలే. రెండూ ఒకే చెట్టు కొమ్మలు.

సీమగొంతు
పాతరేడియో గారూ, మీ మాట కాదనను గానీ ఒక తేడా ఉంది. ఆకాశవాణి ఉంది కదా ఇంకోటి ఎందుకు అనే వాదన ఇప్పటిది కాదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002లో పొదుపు సంఘాల ఆడవాళ్లు మన రేడియో పేరుతో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. కొద్ది నెలలకే 2003లో అధికారులు ఆపించినారు. అప్పటికి చట్టంలో ఊరివాళ్లకు చోటే లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9నే చెప్పింది. అయినా 2002 విధానం చదువుల సంస్థలకే పరిమితమయింది. 2006లో గానీ స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరవలేదు. ఆ తలుపులోంచి ముందుగా లోపలికి వచ్చింది జహీరాబాద్ దగ్గర మాచ్నూరులోని సంగం రేడియో, 2008 అక్టోబర్ 15న, అదే 90.4 మీద. దళిత మహిళలు నడిపే రేడియో అది. దానికి పదేళ్ల ముందు నుంచే వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి సంఘాల్లో క్యాసెట్ల మీద వినిపించుకుంటూ వచ్చినారు.

గ్రామసభలో చెప్పాల్సింది ఇదే. ప్రజల ఆస్తి అంటే సర్కారు ఆస్తి అని అర్థం కాదు. ప్రసార భారతి ఒక రకం, ప్రైవేటు ఎఫ్ఎం ఒక రకం, సమాజానిది మూడో రకం. మూడింటికీ అనుమతి దారి వేరు, నిబంధనలు వేరు. ఒకటి వచ్చిందని ఇంకోటి రద్దయ్యే నియమం ఎక్కడా లేదు.

పద్దుపుస్తకం
ప్రకటనల మాటకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

2024 ఫిబ్రవరి మార్పుల తరువాత కమ్యూనిటీ స్టేషన్ గంటకు 12 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చు. 2006 విధానంలో 5, తరువాత 7 ఉండేవి. ప్రభుత్వ ప్రకటన రేటు 10 సెకన్లకు 52 నుంచి 74 రూపాయలయింది. నిమిషానికి 444. పన్నెండు నిమిషాలూ నిండితే గంటకు 5,328. ఈ అంకె చూసి బడ్జెట్ వేయకండి, ఏ స్టేషన్‌కూ అంత నిండదు. రోజుకు మూడు నిమిషాల ప్రభుత్వ ప్రకటనలు వస్తే 1,332. నెలకు 39,960. ఇద్దరు ఉద్యోగుల జీతం, కరెంటు, ఇంటర్నెట్ వెళ్లేసరికి దాదాపు ఖాళీ.

రిలే వల్ల ఇది తగ్గుతుందా అంటే నేరుగా తగ్గదు. సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ (ఒకప్పటి డీఏవీపీ) కమ్యూనిటీ రేడియోకు విడిగా ప్యానెల్ పెడుతుంది. స్థానిక ఎరువుల దుకాణం, బట్టల కొట్టు, ట్యూషన్ సెంటర్ వాళ్లు రాష్ట్రమంతా వినబడే ఛానెల్‌లో ప్రకటన కొనరు, కొనలేరు. వాళ్లకు కావలసింది పన్నెండు కిలోమీటర్ల లోపల ఉన్న జనమే. దెబ్బ తగిలేది మధ్యలో ఉన్న వాటికి: జిల్లా స్థాయి శాఖల ప్రచారం, పోలియో చుక్కలు, ఓటరు నమోదు, పంటల బీమా. "ఆకాశవాణిలో వేశాం కదా" అని ఒక అధికారి అనుకుంటే ఆ ఏడాది ఆదాయం పోయినట్టే. అందుకని రిలే ప్రారంభం కాకముందే జిల్లా పౌరసంబంధాల అధికారికి, వ్యవసాయ శాఖకు ఒక పేజీ కాగితం ఇవ్వండి. ఏ ఊళ్లలో వినబడుతుంది, ఏ వేళ ఏ కార్యక్రమం, గత మూడు నెలల్లో ఎంతమంది ఫోన్ చేశారు. పైన సిగ్నల్‌మీటర్ గారు చెప్పిన కొలతల పట్టికే దీనికీ పనికొస్తుంది.

బిల్లులు ఆగేది ఎక్కువగా లాగ్ (ఏది ఎప్పుడు వేశామన్న చిట్టా) తేడా వల్ల. ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ గడియారం రెండు నిమిషాలు వెనక ఉంటే ప్రసార ధ్రువపత్రంలో ఉన్న సమయానికి, రికార్డింగులో ఉన్న సమయానికి పొంతన ఉండదు. కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ టైముతో రోజూ సరిచేసుకోవాలి. ప్రసారమంతా మూడు నెలలు దాచి ఉంచడం ఎలాగూ షరతే. తక్కువ బిట్‌రేట్‌లో మోనోలో దాస్తే గంటకు 30 మెగాబైట్లు దాటదు.

మాడ్యులేషన్
వాట్లు, టవర్లు చూశారు, చెవి సంగతి మరిచారు. కొత్త రిలే వచ్చాక జనం మీ స్టేషన్ వదిలేస్తే కారణం కార్యక్రమం కాకపోవచ్చు, గొంతు సన్నగా వినబడటమే కావచ్చు.

ఎఫ్ఎంలో గరిష్ఠ డీవియేషన్ (శబ్దానికి తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే దూరం) 75 కిలోహెర్ట్జ్. ఆకాశవాణి పంపే ఆడియో ప్రాసెసర్ గుండా వచ్చి ఆ అంచు దాకా నిండుగా ఉంటుంది. చాలా చిన్న స్టేషన్లలో మిక్సర్ నుంచి నేరుగా ట్రాన్స్‌మిటర్‌కు తీగ వేస్తారు. మాట సగటున 30, 40 దగ్గర ఆడుతుంది. వినేవాడు డయల్ తిప్పితే ఒకటి గట్టిగా, ఒకటి గొణిగినట్టు. గట్టిగా ఉన్న దగ్గరే ఆగుతాడు. కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించేది), లిమిటర్ (గీత దాటకుండా ఆపేది) పెట్టండి. మాటకు 3:1 కంప్రెషన్ చాలు, అంతకు మించితే ఊపిరి శబ్దం, ఫ్యాన్ శబ్దం పైకి లేస్తాయి.

ఇక్కడో గుంట ఉంది. మన దేశంలో ప్రీ-ఎంఫసిస్ (పంపేముందు సన్నని, పదునైన శబ్దాలను కావాలని పెంచడం) 50 మైక్రోసెకన్లు. దీనివల్ల 10 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వని పది డీబీకి పైగా లేస్తుంది. మామూలు లిమిటర్‌కు ఈ సంగతి తెలియదు. అది దాటాక ట్రాన్స్‌మిటర్ లోపల ప్రీ-ఎంఫసిస్ పడితే "స", "శ" అక్షరాల దగ్గర డీవియేషన్ గీత దాటి గరగరమంటుంది. ఆడగొంతులో, డప్పు తాళాల్లో ఇంకా ఎక్కువ. ప్రీ-ఎంఫసిస్‌ను ఎరిగిన ఎఫ్ఎం లిమిటర్ వాడాలి. లేదా లిమిటర్‌లోనే ప్రీ-ఎంఫసిస్ పెట్టి ట్రాన్స్‌మిటర్‌లో ఆఫ్ చేయాలి. రెండుచోట్లా ఆన్ ఉంటే గొంతు రేకు డబ్బాలో మాట్లాడినట్టుంటుంది.

రెండోది, స్టీరియో ఆఫ్ చేయండి. మాటల రేడియోకు అక్కర్లేదు. 100 వాట్ల ఈఆర్‌పీ, 30 మీటర్ల యాంటెన్నాతో చదును నేల మీద స్టీరియోకు కావలసిన 54 డీబీ సుమారు 12.6 కిలోమీటర్ల దాకా వస్తుంది. మోనోకు 48 చాలు కాబట్టి 17.8 దాకా. ఒక్క స్విచ్‌తో అయిదు కిలోమీటర్లు. ఇది పది మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉందనుకుని వేసిన లెక్క. చేతి రేడియోకు దీనికన్నా 16 డీబీ తక్కువ అందుతుంది. గుట్టలు, ఇళ్లు ఇంకా తింటాయి.

జొన్నకంకి
స్టీరియో సంగతి ఎవ్వరు చెప్పలె ఇన్ని రోజులు. మంచిగ చెప్పినరు. ఇంకోటి అడుగుత. టవర్ 30 మీటర్లున్నది గని యాంటెన్నా 20 మీటర్ల కాడ కట్టిన్రు. కేబుల్ ఆర్‌జీ-213, నలభై మీటర్లు. మార్చాల్నా?

టవర్‌కింద
రెండూ మార్చాలి. యాంటెన్నా ఎత్తు రెట్టింపైతే చదును నేల మీద 6 డీబీ, అంటే పవర్ నాలుగింతలు చేసినట్టు. 20 నుంచి 30కి ఎక్కిస్తే మూడున్నర డీబీ వస్తుంది. నిబంధన 15 నుంచి 30 మీటర్ల మధ్య ఉండమంటుంది. మీ అనుమతి పత్రంలో ఎంత రాసిందో చూసి, 20 అని ఉంటే ముందు సవరణకు దరఖాస్తు చేయండి. చెప్పకుండా ఎక్కిస్తే రిలే మీద మీరిచ్చే ఫిర్యాదే మీకు ఎదురు తిరుగుతుంది.

ఆర్‌జీ-213 ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర నలభై మీటర్లకు రెండున్నర డీబీకి పైగా తింటుంది. 50 వాట్లలో 27 మాత్రమే పైకి చేరతాయి. అర అంగుళం ఫోమ్ హీలియాక్స్ (నష్టం తక్కువ ఉండే మందపాటి కేబుల్) వేస్తే నష్టం ఒక డీబీ లోపే, 40 వాట్లు చేరతాయి. యాంటెన్నా గెయిన్ 3 డీబీ ఉంటే 80 వాట్ల ఈఆర్‌పీ. మీ పరిమితి 100 కాబట్టి భయం లేదు.

కేబుల్ వేసేటప్పుడు కనెక్టర్ కిందకు ఒక వంపు వదలండి, వాన నీరు అక్కడ కారిపోవాలి. కనెక్టర్ మీద ముందు సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్ సాగదీసి చుట్టి, పైన మామూలు పీవీసీ టేప్. ఒట్టి పీవీసీ టేప్ రెండు ఎండాకాలాలకు ఊడిపోతుంది. తొలకరి వానకు ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) 1.3 నుంచి 2కు ఎగబాకితే నీళ్లు దిగాయని అర్థం. 2 దగ్గర పదకొండు శాతం వెనక్కి వస్తుంది, మంచి ట్రాన్స్‌మిటర్ తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. జనం "కొత్త రిలే తొక్కేసింది" అంటారు. ముందు మీటర్ చూడండి.

కొత్తశ్రోత
వార్తల సంగతి? రిలే వస్తే పల్లెలో ఆకాశవాణి వార్తలు దొరుకుతాయి. కమ్యూనిటీ రేడియో వార్తలు వేయకూడదు కదా?

పాతరేడియో
సొంత వార్తలు వేయకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు వేయొచ్చు, లేదా స్థానిక భాషలోకి, యాసలోకి మార్చి చదవొచ్చు. ఈ రెండో వెసులుబాటును వాడేవాళ్లు చాలా తక్కువ. రిలే వచ్చాక అదే బులెటిన్ యథాతథంగా మళ్లీ వేస్తే ఎవరూ వినరు. అయిదు నిమిషాలను మూడు నిమిషాలకు కుదించకండి, వడపోతలాగా కనిపిస్తుంది. మొత్తం తీసుకుని ఆ ఊరి మాటలో చదవండి. ఆకాశవాణి నుంచి తీసుకున్నామని మొదట్లోనే చెప్పండి. మూల ప్రతి, చదివిన ప్రతి రెండూ దాచండి.

మార్కెట్ ధరలు, వాతావరణం, కరెంటు కోత వేళలు, మంచినీళ్ల సరఫరా, పరీక్షల సమాచారం, ట్రాఫిక్, ఆరోగ్య శిబిరాలు వార్తల కింద రావు. వాటి మీద అడ్డు లేదు. రిలే ఎన్నటికీ చెప్పలేనివి కూడా ఇవే. "రేపు పొద్దున ఫలానా చెరువు తూము తెరుస్తారు" అన్న ఒక్క ముక్క కోసం జనం 90.4 పెట్టుకుంటారు.

సీమగొంతు
ఆకాశవాణి కన్నా నాకు దిగులు వేరే దాని మీద ఉంది. 2024 ఆగస్టులో 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానెళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మన రెండు రాష్ట్రాల చిన్న పట్టణాలూ ఆ జాబితాలో ఉన్నాయి. బట్టల కొట్టు ప్రకటన తీసుకుపోయేది వాళ్లే. పద్దుపుస్తకం గారు చెప్పిన పేజీ కాగితం దుకాణాలకు కూడా ఇచ్చి, ఏడాది ఒప్పందాలు ఇప్పుడే రాయించుకోవడం మంచిది.

పద్దుపుస్తకం
ఒప్పుకుంటాను. ఏడాదికి కాకపోతే ఆరు నెలలకైనా. పండగల సీజన్ ముందు, అంటే శ్రావణంలో అడిగితే ఒప్పుకుంటారు.

జొన్నకంకి
గ్రామసభ ఆదివారం ఉన్నది. శుక్రవారం సంతకు ముందుగాల బస్టాండు కాడ నాలుగు చోట్ల కొలుస్తున్నం, డాంగిల్ దొరికింది. గెయిన్ ఎంత మీద పెట్టాలె?

సిగ్నల్‌మీటర్
మధ్యస్థంగా, 20 డీబీ దగ్గర మొదలుపెట్టండి. గెయిన్ పెంచినా 90.4 శిఖరం పెరగకుండా కింద ఉన్న చప్పుడు గీతే పైకి లేస్తే, లేదా లేని చోట కూడా స్టేషన్లు పుట్టుకొస్తే గెయిన్ ఎక్కువైనట్టు. ఒక మెట్టు తగ్గించి, ఆ అంకెను పట్టిక మొదటి గడిలో రాయండి. రిలే వచ్చాక కొలిచేటప్పుడు అదే అంకె, అదే డాంగిల్, అదే కేబుల్. బస్టాండు దగ్గర కొత్త సిగ్నల్‌కు డాంగిల్ కూడా నిండిపోవచ్చు. అందుకని ఒక చవక పాకెట్ రేడియోను పక్కన పెట్టి దాని స్పీకర్ శబ్దం కూడా రికార్డు చేయండి. జనం వినేది దానిలోనే.